విద్ధాంక నాణేల తూకం: 32 గురివింద గింజల లెక్క నిజంగా కలుస్తుందా?

గోదారిగట్టు

అందరికీ నమస్తే. గ్రూప్స్ కోసం ప్రాచీన చరిత్ర చదువుతున్నాను, ఒక చోట ఆగిపోయాను. ప్రతి పుస్తకంలోనూ వెండి కార్షాపణం, అంటే ముద్రలు గుద్దిన పాత వెండి విద్ధాంక నాణెం, 32 రత్తులు (రత్తి అంటే ఒక గురివింద గింజ తూకం) అని ఉంటుంది, అంటే సుమారు 3.5 గ్రాములు. సరే అనుకుని మ్యూజియం కేటలాగులు తిరగేస్తే 3.1, 3.25, 3.38, 3.42 ఇలా రకరకాల తూకాలు కనిపిస్తున్నాయి, సరిగ్గా 3.5 ఉన్నవి చాలా తక్కువ. ఇంకో సైట్‌లో రత్తి అంటే 0.1215 గ్రాములు అని రాశారు, దాంతో గుణిస్తే ఏకంగా 3.89 వస్తుంది. ఏది నమ్మాలి? నాణేలే ఇంత తేడాగా ఉంటే అసలు ఒక ప్రమాణం ఉండేదని ఎలా చెప్తున్నారు? మనువు రాసిన పట్టిక చూసి మనవాళ్లు తర్వాత అంటగట్టిన లెక్కేమో అని అనుమానం. తెలిసినవాళ్లు కొంచెం వివరంగా చెప్పండి.

త్రాసు

మంచి ప్రశ్న. ముందు ఆ 3.89 సంగతి తేల్చేద్దాం, అది తేలిక. 0.1215 అనేది బ్రిటిష్ వాళ్లు తులాన్ని 180 గ్రెయిన్లకి ఖాయం చేశాక వచ్చిన రత్తి. తులం 11.66 గ్రాములు, తులానికి 96 రత్తులు, భాగిస్తే 0.1215. అది పందొమ్మిదో శతాబ్దపు లెక్క. దాన్ని మౌర్యుల నాణెం మీద పెట్టకూడదు. పాత రత్తి 0.11 గ్రాముల దగ్గర ఉండేదని నాణేలు తూచే తేల్చారు, పాత నాణేల మీద పని చేసిన బ్రిటిష్ పండితుడు కన్నింగ్‌హామ్ 1.83 గ్రెయిన్లు అన్నాడు, అంటే 0.1186 గ్రాములు. ఆయన కాస్త ఎక్కువ వేసుకున్నాడని నా అభిప్రాయం.

పేరు ఒకటే ఉండి తూకం మారిపోవడం మనకి కొత్తేమీ కాదు. ఇవాళ హైదరాబాద్‌లో తులం అంటే పది గ్రాములు, మీ తాతగారు కొన్నప్పుడు అదే తులం 11.66.

ఇక అసలు ప్రశ్న. ఒక్క నాణెం తూచి ప్రమాణం తెలుసుకోలేరు, ఎవరూ అలా తెలుసుకోలేదు కూడా. గుట్టని తూచాలి. వందల నాణేలు విడివిడిగా తూచి, ఏ తూకం దగ్గర ఎన్ని ఉన్నాయో గీత గీస్తే ఒక చోట గుంపు కడతాయి. విద్ధాంక నాణేలు 3.3 నుంచి 3.45 మధ్యలో గట్టిగా గుంపు కడతాయి. ఆ గుంపుకి కింద వైపు, అంటే తేలిక వైపు, తోక పొడవుగా సాగుతుంది. పై వైపు తోక చాలా పొట్టి. ఎందుకంటే చేతులు మారిన నాణెం అరుగుతుంది, ఎవరో అంచు కత్తిరిస్తారు, మట్టిలో పడితే అందులోని రాగి కరిగిపోతుంది. ఇవన్నీ తూకాన్ని తగ్గించేవే, పెంచేవి దాదాపు లేవు. కాబట్టి టంకశాల పెట్టుకున్న గురి సగటు దగ్గర కాదు, గుంపుకి పై అంచు దగ్గర వెతకాలి. మీరు చూసిన 3.42 ఆ పై అంచుకి దగ్గర్లో ఉన్నదే, 3.1 మాత్రం బాగా అరిగినదో, కోత పడినదో.

దీన్ని లెక్కల పద్ధతిలో చూపించినవాడు డి.డి. కోశాంబి. ఆయన ముందు గణిత శాస్త్రవేత్త, తర్వాతే చరిత్రకారుడు. తక్షశిల భీర్ దిబ్బలో 1924లో దొరికిన నిధిలో వెయ్యికి పైగా విద్ధాంక నాణేలు ఉన్నాయి, వాటితో పాటే అలెగ్జాండర్ నాణేలు, ఆయన తర్వాత రాజైన ఫిలిప్ అరిడియస్ నాణెం కూడా ఉన్నాయి కాబట్టి కాలం తెలుసు, క్రీ.పూ. నాలుగో శతాబ్దం చివర. ఈ నాణేలకి ముందు వైపు ఐదు పెద్ద ముద్రలు, వెనక వైపు చిన్న చిన్న గుర్తులు ఉంటాయి కదా. కోశాంబి చూసిందేంటంటే, వెనక గుర్తులు ఎక్కువయ్యే కొద్దీ సగటు తూకం తగ్గుతూ పోయింది. అంటే ఆ గుర్తులు చలామణిలో ఉండగా పరీక్షించి వేసినవి, నాణెం ఎంత కాలం తిరిగిందో అవి చెప్తున్నాయి. ప్రమాణం లేకుండా అడ్డదిడ్డంగా కోసిన ముక్కలైతే తూకం ఇంత క్రమంగా తగ్గేది కాదు. నాకు మన నాణేల చరిత్రలో ఇంతకన్నా అందమైన వాదన కనపడలేదు.

గోదారిగట్టు

చాలా థ్యాంక్స్ సార్. పై అంచు దగ్గర చూడాలన్న మాట ఎక్కడా చదవలేదు. మరి గురివింద గింజ సంగతి? గింజలన్నీ ఒకే బరువు ఉండవు కదా, దాన్ని పట్టుకుని రాజ్యం నాణేలు ఎలా కొడుతుంది?

గీటురాయి

దీనికి నేను చెప్తాను, మాది కంసాలి కుటుంబం. మా నాన్న చిన్నతనంలో మా ఇంట్లో గురివింద గింజలతో తూచేవాళ్లు, ఆ డబ్బా ఇప్పటికీ ఉంది. గింజలన్నీ ఒకే ఎత్తు ఉండవు, నిజమే. పచ్చిది ఒకలా, ఎండింది ఒకలా, ఒక్కో తీగది ఒక్కోలా. అందుకే ఎవరూ చేను గట్టు మీద కోసుకొచ్చి నేరుగా తక్కెడలో వెయ్యరు. ఏరాలి. పెద్దవీ చిన్నవీ పక్కన పెట్టి, మిగిలినవాటిని పది పది చేసి ఒకదానితో ఒకటి తూచి, కలిసినవే ఉంచుకుంటారు. ఒక గింజలో ఉన్న తేడా ముప్పై రెండు గింజల్లో సర్దుకుపోతుంది.

పైగా గింజ లెక్క మాటల్లో చెప్పుకోవడానికి, తూచేది మాత్రం పడికట్టు రాళ్లతో. అర్థశాస్త్రంలో తూకాల మీద పౌతవాధ్యక్షుడు అని ఒక అధికారి ఉంటాడు, పడికట్లు ఇనుముతో గానీ మగధ, మేకల ప్రాంతాల రాయితో గానీ చెయ్యాలని రాశారు. నీళ్లకి ఉబ్బనివి, వేడికి తూకం మారనివి వాడమన్నారు. అంటే గింజతో వచ్చే చిక్కు వాళ్లకి బాగా తెలుసు.

ఒక్క మాట, ఇది చదివి ఎవరైనా గింజలు తెచ్చి తూచి చూడాలనుకుంటే పిల్లలకి అందనివ్వకండి. గురివింద గింజ నమిలితే విషం, ప్రాణం మీదికి వస్తుంది.

త్రాసు

గీటురాయి గారు చెప్పినదానికి ఒక చేర్పు. మనుస్మృతిలో వెండికీ బంగారానికీ లెక్క వేరు. వెండికి రెండు కృష్ణలలు ఒక మాషకం, పదహారు మాషకాలు ఒక ధరణం లేదా పురాణం, అలా 32. బంగారానికి ఐదు కృష్ణలలు ఒక మాషం, పదహారు మాషాలు ఒక సువర్ణం, అలా 80. కృష్ణల అంటే మన గురివిందే. అర్థశాస్త్రం మాత్రం వెండి మాషకాన్ని 88 తెల్ల ఆవాలతో చెప్తుంది. పట్టికలు అన్నీ ఒకేలా లేవు, కాబట్టి గోదారిగట్టు గారి అనుమానంలో కొంత న్యాయం ఉంది. పుస్తకం చూసి నాణేన్ని సరిచెయ్యకూడదు, నాణెం తూచి పుస్తకాన్ని చదవాలి.

ఇంకోటి, ఈ నాణేల మూలలు కత్తిరించి ఉంటాయి గమనించారా? వెండి రేకుని పట్టీలుగా కోసి, పట్టీని ముక్కలు చేసి, తూచి, ఎక్కువైతే మూల కత్తిరించేవాళ్లు. ముద్రలు తర్వాత కొట్టేవాళ్లు. ఒక్కో ముక్కనీ విడిగా సరిచూశారనడానికి ఆ కత్తిరింపే సాక్ష్యం.

సింధులోయ

ఇంత చర్చ జరుగుతున్నా అసలు విషయం ఎవరూ ఎత్తలేదు. హరప్పా, మొహెంజొదారోలలో దొరికిన చెర్టు రాతి పడికట్లు చూడండి, ఘనాకారంలో నున్నగా చెక్కినవి. చిన్నది 0.86 గ్రాములు, అక్కడి నుంచి రెట్టింపు రెట్టింపు: 1.7, 3.4, 6.8, 13.7. అన్నిటికన్నా ఎక్కువగా దొరికేది 13.7 దగ్గరది. అందులో నాలుగో వంతు ఎంత? 3.4. విద్ధాంక నాణెం ఎంత? 3.4. అంటే మన తూకం ఐదు వేల ఏళ్లుగా తెగకుండా వస్తోంది. కోశాంబి కూడా ఈ పోలిక ఎత్తి చూపాడు. దీన్ని ఇంకా ఊహ అనడం అన్యాయం.

త్రాసు

పోలిక నిజమే, కొట్టెయ్యను. కానీ తూకం కలిసింది కాబట్టి వారసత్వం అని తీర్పు ఇచ్చెయ్యకూడదు. సింధు నగరాలు క్రీ.పూ. 1900 ప్రాంతంలో చెదిరిపోయాయి. విద్ధాంక నాణేలు మొదలైంది క్రీ.పూ. ఆరో శతాబ్దమో ఐదో శతాబ్దమో. మధ్యలో వెయ్యేళ్లకి పైన ఖాళీ. ఆ ఖాళీలో ఆ పడికట్ల వరస దొరికితే అప్పుడు మాట్లాడదాం.

అంకె కలవడం ఎంత మోసం చేస్తుందో ఒక ఉదాహరణ చెప్తాను. గాంధారంలో వంచిన వెండి కడ్డీలు నాణేలుగా నడిచాయి, రెండు చివర్లా సూర్యుడి లాంటి ముద్ర ఉంటుంది. తూకం 11 గ్రాముల పైన. ఒక వర్గం, ఇది వంద రత్తుల శతమానం, వేదాల నాటి మాట, శుద్ధ భారతీయం అంటుంది. ఇంకో వర్గం, గాంధారం అప్పుడు పారశీకుల ఏలుబడిలో ఉంది, వాళ్ల వెండి సిగ్లోస్ 5.5 గ్రాములు, రెండు సిగ్లోస్‌లు పెడితే 11, కాబట్టి ఇది పారశీక ప్రమాణం అంటుంది. అదే కడ్డీ, అదే తూకం, రెండు కథలు. తక్కెడ ఈ తగువు తీర్చదు. ఎక్కడ దొరికింది, ఏ పొరలో దొరికింది, దాంతో పాటు ఏం దొరికింది అనేవే తీర్చాలి.

సింధులోయ

మీరు ఖాళీ అంటున్నది తవ్వకాల ఖాళీ, చరిత్రలో ఖాళీ కాదు. నగరాలు పోయినా వ్యాపారం పూర్తిగా ఆగిపోలేదు, ఊళ్లలో కంసాలి, వర్తకుడు తూచడం మానలేదు. కర్రతోనో గింజలతోనో తూచితే మట్టిలో ఏం మిగులుతుంది? రాయి వదిలి గింజకి మారారంటే సాక్ష్యం కనపడదు, పద్ధతి మాత్రం ఉంటుంది. 1, 2, 4, 8, 16 అనే రెట్టింపు లెక్క మన అణా, రూపాయి దాకా వచ్చింది. దాన్ని కూడా కాకతాళీయం అంటారా?

గీటురాయి

రెట్టింపు లెక్క తక్కెడ ఉన్న ప్రతి చోటా దానంతట అదే పుడుతుంది సార్. తక్కెడతో సులువుగా చెయ్యగలిగింది సగం చెయ్యడమే. ముద్దని రెండు పళ్లేల్లో సమంగా పంచితే సగం, మళ్లీ పంచితే పావు. ఐదు భాగాలు చెయ్యాలంటేనే కష్టం. కాబట్టి 16 చూసి వారసత్వం అనలేం. 3.4 కలవడం మాత్రం ఆలోచించాల్సిందే, మీతో ఆ మేరకు ఏకీభవిస్తాను.

మానేరు_ఒడ్డు

ఉత్తరాది సంగతే మాట్లాడుతున్నారు, మన దగ్గరికి రండి. మాది పెద్దపల్లి వైపు. కోటిలింగాలలో శాతవాహనులకన్నా ముందటి గోబద, నారన, కంవాయ, సమగోప నాణేలు, తర్వాత చిముక నాణేలు దొరికాయి. పెద్దబంకూరులో ఒక్క కుండలోనే ఇరవై వేలకు పైగా శాతవాహన నాణేలు దొరికాయి. నా డౌట్ ఏంటంటే, శాతవాహనుల సీసం, పోటిన్ (రాగి మిశ్రమ లోహం) నాణేల తూకాలు చూస్తే ఏ ప్రమాణానికీ అందవు, ఒకే రాజు ఒకే బొమ్మ ఉన్నవి కూడా ఒకటి రెండు గ్రాములు తేడా ఉంటాయి. వీళ్లకి తూకం మీద పట్టింపు లేదా?

త్రాసు

పట్టింపు ఉంది, కానీ ఏ లోహానికి ఎంత అనేదే తేడా. వెండి నాణెం విలువ దానిలోని వెండి, కాబట్టి పావు గ్రాము తగ్గినా ఎవరో ఒకరు మోసపోతారు. సీసం అంత ఖరీదు కాదు, సంతలో రోజువారీ కొనుగోళ్లకి అది లెక్క గుర్తు లాంటిది, పది ఇచ్చావా పదకొండు ఇచ్చావా అనేదే ముఖ్యం. అలాంటివాటికి టంకశాల ఇంత సీసానికి ఇన్ని నాణేలు అని మొత్తం మీద లెక్క చూసుకుంటుంది, ఒక్కోదాన్నీ తూచదు. మూల కత్తిరించే ఓపిక వెండికే పెట్టారు.

అదే శాతవాహనులు వెండి నాణెం కొట్టినప్పుడు చూడండి, రాజు తల బొమ్మ ఉన్నవి. రెండు గ్రాముల దగ్గర చక్కగా నిలబడతాయి. అది పశ్చిమ భారతాన్ని ఏలిన శక రాజులు, పశ్చిమ క్షత్రపుల నాణెం తూకం. నాసిక్ దగ్గర జోగళ్‌తంబిలో 1906లో దొరికిన నిధిలో పదమూడు వేల పైచిలుకు క్షత్రప రాజు నహపాణుడి వెండి నాణేలు ఉంటే, అందులో తొమ్మిది వేల పైన వాటి మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర మళ్లీ కొట్టించాడు. శత్రువు నాణేన్ని కరిగించలేదు, తూకం మార్చలేదు, ముద్ర మాత్రం వేశాడు. జనం చేతికి అలవాటైన తూకాన్ని కదిపితే వ్యాపారం కుంటుపడుతుందని ఆయనకి తెలుసు.

డాలస్_నుంచి

ఈ థ్రెడ్ చాలా బాగుంది. నేను గ్రీకు నాణేలు ఇష్టపడతాను, అక్కడి సంగతి కాస్త చేరుస్తాను, ఎందుకంటే అక్కడ ఊరికో తూకం. ఏథెన్స్ ద్రాఖ్మా 4.3 గ్రాములు, నాలుగు కలిపిన గుడ్లగూబ నాణెం 17.2. పక్కనే ఉన్న ఈజైనా ద్వీపం, తాబేలు బొమ్మ వేసేవాళ్లు, వాళ్ల రెండు ద్రాఖ్మాల నాణెం 12.2. కొరింత్ నాణెం 8.6, సరిగ్గా ఏథెన్స్ రెండు ద్రాఖ్మాలంత, కానీ వాళ్లు దాన్ని మూడు భాగాలుగా లెక్కపెట్టేవాళ్లు. అంటే ఒకే వెండి ముక్క ఒక ఊళ్లో రెండు, ఇంకో ఊళ్లో మూడు. అలెగ్జాండర్ ఏథెన్స్ తూకాన్నే పట్టుకోవడంతో అది అఫ్గానిస్తాన్ దాకా వచ్చింది.

తూకాన్ని తగ్గించి లాభం తీసినవాళ్లు ఈజిప్టు టోలమీలు. వాళ్లు నాలుగు ద్రాఖ్మాల నాణేన్ని 17.2 నుంచి దశలవారీగా 14.2కి దించారు, బయటి నాణేలు దేశంలో చెల్లవన్నారు. రేవులో దిగిన వర్తకుడు తన బరువైన నాణేలు ఇచ్చి తేలికైనవి తీసుకోవాలి. మిగిలిన మూడు గ్రాములూ రాజుకి.

మరి మన వైపు వచ్చిన ఇండో గ్రీకులు ఏం చేశారు? హిందూకుష్‌కి ఉత్తరాన ఏథెన్స్ తూకం, దక్షిణాన వేరే అని విన్నాను.

త్రాసు

సరిగ్గా విన్నారు. దక్షిణాన ద్రాఖ్మాని 2.45 గ్రాములకి, నాలుగు ద్రాఖ్మాల నాణేన్ని 9.8కి మార్చారు. ఒక వైపు గ్రీకు, ఇంకో వైపు ఖరోష్ఠి లిపి. అపొల్లోడోటస్ అయితే చదరపు వెండి నాణేలు కూడా కొట్టించాడు, స్థానికుల కంటికి నాణెం అంటే నాలుగు పలకలదే కాబట్టి. ఈ కొత్త తూకం ఏథెన్స్‌ది కాదు, కార్షాపణానిదీ కాదు. క్షత్రపుల నాణెం ఈ వరసలోనే నడిచింది, అదే మన శాతవాహనుల దాకా వచ్చింది.

నల్గొండ_నేల

రోమన్ నాణేల మాట రాలేదింకా. మా నల్గొండ జిల్లా అక్కన్‌పల్లిలో రోమన్ వెండి దెనారియస్‌లు 1,500 పైన ఒక్క చోటే దొరికాయి. ఎక్కువగా అగస్టస్, టైబీరియస్ చక్రవర్తులవి. తర్వాతి చక్రవర్తుల వెండి మన దగ్గర ఎందుకు పెద్దగా లేదంటే దానికి జవాబు తూకంలోనే ఉంది.

రోమన్ పౌను సుమారు 327 గ్రాములు. అగస్టస్ కాలంలో పౌను వెండికి 84 దెనారియస్‌లు, ఒక్కోటీ 3.9 గ్రాములు. క్రీ.శ. 64లో నీరో దాన్ని పౌనుకి 96 చేశాడు, అంటే 3.4. వెండిలో రాగి కూడా కలిపాడు. బంగారు ఆరియస్‌ని కూడా పౌనుకి 45 చేసి 7.3కి దించాడు. వెండి విషయంలో మన వర్తకులు పాతవే కావాలన్నారు, నీరో తర్వాత కాలానికి ఇక్కడికి వచ్చింది ఎక్కువగా బంగారమే. సముద్రం ఇవతల కూర్చున్న వర్తకుడికి అర గ్రాము తేడా, కలిపిన రాగి రెండూ తెలిసిపోయాయి, అది చదివినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది.

రోమన్ రచయిత ప్లినీ ఒక సంగతి రాశాడు. సింహళానికి చేరిన ఒక రోమన్ మనిషి దగ్గరి దెనారియస్‌లు చూసి అక్కడి రాజు, బొమ్మలు వేర్వేరు చక్రవర్తులవి అయినా తూకం మాత్రం ఒక్కటే అని మెచ్చుకున్నాడట. కథలో ఎంత నిజమో పక్కన పెడితే, పరాయి దేశంలో నాణేనికి పేరు తెచ్చేది ఏమిటో రోమన్లకి తెలుసని అర్థమవుతుంది.

గీటురాయి

నల్గొండ_నేల గారు రాగి కలిపిన మాట ఎత్తారు, అది ముఖ్యం. తూకం ఒక్కటే చూసి మంచి నాణెం అనకూడదు. గుప్తుల బంగారం చూడండి, సముద్రగుప్తుడి కాలంలో 7.7 గ్రాముల దగ్గర ఉన్న దీనారం స్కందగుప్తుడి నాటికి 9.2 గ్రాముల సువర్ణం అయింది, అదే మనువు చెప్పిన ఎనభై. పైకి చూస్తే రాజ్యం బలిసిందనిపిస్తుంది. కానీ బంగారం వన్నె తగ్గింది, తక్కువ రకం కలిపి బరువు పెంచారు. తక్కెడ పక్కన గీటురాయి కూడా ఉండాల్సిందే.

గోదారిగట్టు

ఇంకో ప్రశ్న అడగొచ్చా? వెండికీ బంగారానికీ మారకం ఎంత ఉండేదో ఎక్కడైనా రాసి ఉందా, లేక అది కూడా తూచి ఊహించిందేనా?

నల్గొండ_నేల

రాసి ఉంది, రాతి మీదే ఉంది. నాసిక్ గుహల్లో నహపాణుడి అల్లుడు ఉషవదాతుడి శాసనంలో 70,000 కార్షాపణాలు దానం ఇచ్చి, అవి 2,000 సువర్ణాలకి సమానమనీ, సువర్ణానికి 35 కార్షాపణాలనీ చెప్పాడు. క్షత్రపుల నాణెం రెండు గ్రాముల పైన అనుకుంటే 35 కలిసి 70 నుంచి 80 గ్రాముల వెండి. సువర్ణం ఏ తూకానిది అన్నదాని మీద పండితులు కొట్టుకుంటారు. కుషాణుల బంగారు నాణెం 8 గ్రాములు అనుకుంటే, ఒక పాలు బంగారానికి తొమ్మిదీ పదీ పాళ్ల వెండి పడుతుంది.

మానేరు_ఒడ్డు

మా చుట్టాల ఊళ్లో పొలం దున్నుతుంటే గిన్నెలో నల్లటి నాణేలు కొన్ని బయటపడ్డాయి. చింతపండు పెట్టి తోమి తూచి చూద్దామంటున్నారు. అసలు వెండివో కాదో తూకంతో తెలుస్తుందా?

త్రాసు

దయచేసి తోమనివ్వకండి, ఈరోజే ఫోన్ చేసి చెప్పండి. ఆ నల్లటి పొరలో కూడా సమాచారం ఉంటుంది, పులుపు పెడితే పొరతో పాటు లోహం కూడా పోతుంది, తూకం పనికిరాకుండా పోతుంది. పొర దళసరిగా ఉంటే ఉన్నదానికన్నా ఎక్కువ తూగుతుంది కూడా, కాబట్టి ఇప్పుడు తూచినా తీర్పు చెప్పలేం.

ఇది చట్టం సంగతి కూడా. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం నేలలో దొరికిన నిధి సంగతి కలెక్టర్‌కి రాతపూర్వకంగా తెలపాలి, తహసీల్దార్ ఆఫీసులో చెప్తే దారి చూపిస్తారు. దాచిపెట్టి పంచుకుంటే కేసు. గిన్నె పడేయొద్దు, ఏ చోట ఎంత లోతులో దొరికిందో రాసి పెట్టమనండి. నాణేలు విడిపోతే ఆ గుట్ట మళ్లీ కూడదు, పైన చెప్పిన లెక్కలన్నీ గుట్ట మొత్తం ఉంటేనే చెయ్యగలం.

మానేరు_ఒడ్డు

చెప్పాను సార్. మామయ్య వాళ్లు మొదట భయపడ్డారు, వీఆర్వో ఉన్నప్పుడైతే తేలికయ్యేది అన్నారు. రేపు మండల ఆఫీసుకి గిన్నెతో సహా తీసుకెళ్తున్నారు.

గోదారిగట్టు

చాలా సంతోషం. చివరిగా ఒక సాయం. నేను ఒక పాత కేటలాగు తీసుకుని విద్ధాంక నాణేల తూకాలన్నీ ఎక్సెల్‌లో ఎక్కిస్తున్నాను, గుంపు ఎక్కడ కడుతుందో నా కళ్లతో చూడాలని. అందులో తూకాలు గ్రెయిన్లలో ఉన్నాయి. ఎలా మార్చాలి, ఇంకేమైనా జాగ్రత్తలు ఉన్నాయా?

త్రాసు

గ్రెయిన్‌ని 0.0648తో గుణించండి, గ్రాములు వస్తాయి. 52 గ్రెయిన్లు అంటే 3.37. విరిగినవి, అతుకు ఉన్నవి, పొర దళసరిగా ఉన్నవి అని పక్కన రాసి ఉంటే వాటిని వేరే కాలమ్‌లో పెట్టండి, తీసెయ్యొద్దు. వేర్వేరు నిధుల నాణేలు ఒకే గీతలో కలపకండి, ఒక్కో నిధి అరుగుదల వేరు. 0.05 గ్రాముల మెట్లుగా విడగొడితే గుంపు బాగా కనిపిస్తుంది, అంతకన్నా సన్నగా చేస్తే పాత కేటలాగులో అరగ్రెయిన్‌కి సరిచేసి రాసిన అంకెలు దొంగ శిఖరాలు చూపిస్తాయి. వెనక గుర్తుల సంఖ్య ఇచ్చి ఉంటే అది కూడా ఎక్కించండి, గీత గీశాక ఇక్కడే పెట్టండి.